మామయ్య కూర్చున్న కుర్చీలు

లేడీస్ హాస్టల్, రెండో అంతస్తు
మార్చి 3

అత్తా,

ఉద్యోగంలో చేరాను. ఈ ఉత్తరం నీకు చదివి పెట్టేదీ, నీ జవాబు రాసి పెట్టేదీ ఎదురుకొట్టు దర్జీ బాబాయి కాబట్టి ముందు ఆయనకు నమస్కారం. బాబాయ్, మీ సొంత మాటలు కలపకుండా ఉన్నది ఉన్నట్టు చదవండి.

ఆదాయపు పన్ను ఆఫీసులో గుమాస్తా పని. ఆరు నెలలు చూస్తారు, నచ్చితే ఖాయం చేస్తారు. మన ఇంట్లో సంతకం పెట్టడం వచ్చిన మొదటి మనిషిని నేనే కదా, హాజరు పుస్తకంలో పేరు ఒక్కో అక్షరం దిద్దినట్టు రాశాను. రాయడం పూర్తయ్యేసరికి పెద్దసారు గదిలోంచి వచ్చి అందరినీ నిలబెట్టి ఒక మాట చెప్పారు. ఆదాయపు పన్ను రద్దయిందట! జూన్ ఒకటి నుంచి ఎవరి సంపాదన మీదా పన్ను ఉండదు. దాని బదులు కొన్న ప్రతి కొత్త వస్తువు మీదా నూటికి ఇరవై. కోటీశ్వరుడికైనా కూలివాడికైనా ఒకటే రేటు.

అంటే సినిమా అయిపోయి లైట్లు వేసే వేళకు నేను టికెట్ కొనుక్కున్నాను. ఆఫీసులో తొంభై మందిమి ఉన్నాం. ముప్పై మందిని అమ్మకపు పన్ను పనికి ఉంచుకుని మిగతావాళ్ళను ఇంటికి పంపిస్తారు. ఆ ముప్పైలో నేను ఉండాలి అత్తా. నాన్న పోయాక ఈ మేనకోడల్ని చదివించడానికి పన్నెండేళ్ళు రంపం పట్టావు. నేను ఇంటికొచ్చేస్తే అదంతా రంపప్పొట్టే కదా.

నిజం చెప్పనా, నాకు ఈ చట్టం నచ్చింది. ఇన్నాళ్ళూ ఎవరెంత సంపాదించారని మా ఆఫీసువాళ్ళు గుచ్చి గుచ్చి అడగడం, వాళ్ళు కళ్ళార్పకుండా అబద్ధం చెప్పడం. ఇప్పుడు ఆ బాధ లేదు. కొన్నావా, కట్టావా, అంతే.

నాకింకా కుర్చీ ఇవ్వలేదు. ఉద్యోగం ఖాయమైనవాళ్ళకే కుర్చీ అట. అందాకా ఇక పనికిరాని ఆదాయపు పన్ను ఫారాల కట్టలు నాలుగు పేర్చి వాటి మీద కూర్చుంటున్నాను. కుర్చీలు చేసే ఇంటి పిల్లకు కుర్చీ లేదు, చూడు!

మామయ్యను అడిగానని చెప్పు. అరుగు మీంచి లేచాడా?

నీ కోడలు


కుర్చీల కొట్టు
మార్చి 15

ఒసే చదువులమ్మా,

దర్జీకి నమస్కారం పెట్టావు, నాకు పెట్టలేదు. ఆయన ఆ ముక్క మూడుసార్లు చదివి వినిపించాడు.

చట్టం సంగతి విన్నాను. నేను విన్నానంటే వీధంతా విన్నట్టే, దర్జీ గొంతు నీకు తెలుసుగా. మీ మామ సంబరం చూడాలి! "ఆదాయపు పన్ను పోయిందోయ్!" అని అరుగు మీంచి ఒకటే కేకలు. నీకు ఆదాయం ఎప్పుడుందయ్యా అంటే, "ఉంటే కట్టాల్సొచ్చేది కదా, ముందుచూపు" అన్నాడు.

బోడిగుండువాడికి క్షవరం ఉచితం అన్నట్టుంది మీ వాళ్ళ దయ. నేను పుట్టి బుద్ధెరిగాక ఆ పన్ను కట్టలేదే. కట్టేంత సంపాదిస్తేగా! ఇప్పుడేమో ఉప్పుకి కట్టాలి, సబ్బుకి కట్టాలి, నా మోకాళ్ళ మందుకి కట్టాలి. మిల్లు ఓనరు మాత్రం నాకంటే ఎక్కువ ఉప్పు తింటాడా? ఆయన కూడా పిడికెడే. మిగిలింది పెట్టెలో పెట్టి తాళం వేస్తాడు. పెట్టె పన్ను కడుతుందా? మీ పెద్దసారుని అడిగి చెప్పు.

నా కుర్చీ ధర ఐదో వంతు పెరిగితే కొనేదెవరు? ఇప్పటికే జనం నేల మీద కూర్చుంటే ఒంటికి మంచిదని మొదలెట్టారు. ఏదైనా దారి చూడు. నిన్ను చదివించింది ఎందుకూ?

మీ అత్త

(అమ్మాయీ, మీ మామయ్య ఇంకా లేవలేదు. — దర్జీ)


లేడీస్ హాస్టల్
ఏప్రిల్ 2

అత్తకు నమస్కారం. ఇంకోసారి నమస్కారం, కిందటి ఉత్తరం బాకీ.

పెట్టె సంగతి పెద్దసారుని అడిగాను. "ఆ డబ్బు ఎప్పటికైనా బయటికి రావాల్సిందేగా, అప్పుడు కడతాడు" అన్నారు. "అప్పటికి మా అత్త ఉంటుందా సార్?" అన్నాను. గదిలో ఎవరో గట్టిగా దగ్గారు. మర్నాడే ఆయన నన్ను సందేహాల గదికి మార్చారు. కొత్త చట్టం మీద జనం రాసే ప్రశ్నలకు జవాబులు రాయాలి. శిక్షో బహుమానమో తెలియలేదు. కూర్చునే కట్టలు మాత్రం నాతోపాటు మోసుకెళ్ళాను.

దారి అడిగావు. చట్టంలో ఏడో సెక్షన్ అని ఒకటుంది. వాడిన వస్తువును అమ్మితే దాని మీద పన్ను లేదు. కాబట్టి ఊళ్ళో విరిగిన పాత కుర్చీలు కొని, బాగుచేసి అమ్ము. మంచి పని, పద్ధతైన పని. చాటుగా చెప్పాల్సిన రహస్యం కాదు గానీ, ఆఫీసులో ఉండి ఇంట్లోవాళ్ళకు ఉపాయాలు చెప్పిందన్న మాట నాకొద్దు. నీ దగ్గరే ఉంచుకో.

నీ కోడలు


కుర్చీల కొట్టు
జూన్ 20

ఒసే బంగారం,

నిన్ను చదివించిన ప్రతి మేకూ ఇవాళ వసూలైంది.

పాత కుర్చీలు కొనమన్నావు. ఎక్కడ దొరుకుతాయే? ఈ ఊళ్ళో కుర్చీలు చేసేది నేనొక్కదాన్నే, నేను చేసింది ముప్పై ఏళ్ళైనా విరగదు. దర్జీ నీ ఉత్తరం మళ్ళీ చదివాడు. వాడినదానికి పన్ను లేదు. సరే, కుర్చీని వాడటమంటే ఏంటి? కూర్చోవడమే కదా! నేను మీ మామ వైపు చూశాను. మీ మామ కూర్చుని ఉన్నాడు.

ముప్పై ఏళ్ళ కాపురంలో ఈ మనిషి వల్ల ఉపయోగం ఉందని నాకు తట్టడం అదే మొదలు.

ఇప్పుడు పొద్దున ఆరింటికల్లా పనిలో పెడుతున్నాను. పూటకొక కుర్చీ. లేవగానే దర్జీ చీటీ రాసి కుర్చీ కాలికి కడతాడు: "ఈ కుర్చీ ఒక పూట వాడబడింది. చేతులు ఆనించబడ్డాయి. ఒకసారి కునుకు కూడా తీయబడింది." సాయంత్రానికి మీ మామ నడుం పట్టుకుని, ఒళ్ళు హూనమైపోతోందే అంటాడు! ఆదివారం సెలవు కావాలన్నాడు. ఇచ్చాను. రోజంతా నిలబడ్డాడు.

నన్ను చూసి వీధి కూడా నేర్చుకుంది. చెప్పులాయన కొత్త జోడు వేసుకుని వీధి చివరిదాకా నడిచొచ్చి అమ్ముతున్నాడు. ఆయనకీ బొబ్బలు, కొన్నవాళ్ళకీ బొబ్బలు. గొడుగులాయన మబ్బు కోసం ఎదురుచూస్తున్నాడు. పక్కన లాండ్రీ ఆవిడొకతే వచ్చి, "అక్కా, మరి సబ్బు సంగతేంటి?" అంది. వాడిన సబ్బు ఎవడైనా అమ్ముతాడా! అందరం పడీపడీ నవ్వాం. ఆవిడ నవ్వలేదు.

అన్నట్టు మిల్లు ఓనరు కొత్త హాలుకి నలభై కుర్చీలు చెప్పాడు. అన్నీ మామ కూర్చున్నవే కావాలట.

మీ అత్త

(ఇక్కడ ఇంకో విషయం ఉంది. రాయొద్దంది. అందుకని రాయడం లేదు. — దర్జీ)


లేడీస్ హాస్టల్
జులై 1

అత్తా,

నీ ఉత్తరం చదివి హాస్టల్ మెట్ల మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వాను. లాండ్రీ ఆవిడ దగ్గరికొచ్చేసరికి నవ్వు ఆగిపోయింది.

ఇది తప్పు అత్తా. అమ్మడానికి చేసిన కుర్చీలో మామయ్యను ఒక పూట కూర్చోబెడితే అది వాడినట్టు కాదు. నీకూ తెలుసు. సరే, నీ తిండి కోసం చేశావనుకుందాం. కానీ మామయ్య నడుం నొప్పి ఎవరి కోసం? మిల్లు ఓనరు నలభై కుర్చీల మీద పన్ను ఎగ్గొట్టబోతున్నాడు. కుర్చీలో ముందే కూర్చోవచ్చు, బండిని ముందే తోలవచ్చు. సబ్బునీ ఉప్పునీ మందునీ ముందే వాడి అమ్మగలమా? లేనివాళ్ళు కొనేవన్నీ అలాంటివే. అంటే మొత్తం పన్ను కట్టేది చివరికి లాండ్రీ ఆవిడొక్కతే. మార్చిలో నాకు ఈ చట్టం నచ్చిందని రాశాను. ఆ ముక్క దర్జీ బాబాయి వీధికి వినిపించకపోతే బాగుండేది.

నా గదికి వచ్చే ప్రశ్నలు కూడా మీ వీధిలాగే ఉన్నాయి. శవపేటికలు చేసే ఒకాయన, పేటిక వాడినదని ఎలా రుజువు చేయాలి, ఎవరినైనా కాసేపు పడుకోబెట్టి లేపితే చాలా అని రాశాడు. ఏం రాయాలో తోచక "పరిశీలనలో ఉంది" అని జవాబిచ్చాను.

ముప్పై మంది జాబితా ఈ నెలలోనే. దయచేసి ఆ పని ఆపు. ఇంతకీ దర్జీ బాబాయి రాయనిది ఏమిటి?

నీ కోడలు


కుర్చీల కొట్టు
జులై 9

ఏమే,

నీ ఉత్తరం నిన్ననే వచ్చింది. ఒక రోజు ముందొస్తే ఎంత బాగుండేది. మొన్న తనిఖీ వాళ్ళు వచ్చారు.

సూట్‌కేసు పట్టుకుని ఒకాయన దిగాడు. ముందు అట్ట చూశాడు. ఆ, అదే, నీకు రాయొద్దన్నది. నీ ఉత్తరంలో సెక్షన్ ఏడు ముక్కని దర్జీ అట్ట మీద పెద్దక్షరాలతో దించాడు. దాన్ని కొట్టు ముందు కట్టాను. కింద "పన్ను ఆఫీసు లోపలి మనిషి మాట" అని రాయించాను. మరి ఊరికే నేను చెప్తే ఎవడు నమ్ముతాడే? ఆయన ఆ అట్ట విప్పి సూట్‌కేసులో పెట్టుకున్నాడు.

తర్వాత చీటీలు చూసి, ఈ కాగితాలు నేను నమ్మనన్నాడు. మనిషి కూర్చున్న కుర్చీకి కీళ్ళ దగ్గర కాస్త వదులు ఉంటుంది, నేనే కూర్చుని తేలుస్తానన్నాడు. పదిహేడు కుర్చీలు! ఒక్కోదాంట్లో కూర్చోవడం, అటూ ఇటూ కదలడం, కళ్ళు మూసుకోవడం, "ఇది కొత్తదే" అని పుస్తకంలో రాసుకోవడం. ఆయన లేచిన ప్రతి కుర్చీకీ దర్జీ వెనకే వెళ్ళి ఇంకో చీటీ కట్టాడు: "సర్కారువారిచే వాడబడింది." మీ మామైతే అరుగు మీంచి, "అలా కాదు సార్, నడుం వెనక్కి ఆనించాలి" అని పని నేర్పాడు.

నవ్వకు. రెండు రోజుల్నించీ నాకు నిద్ర లేదు. ఇటు చూడు, ఆ మాట ఎవరిదని నిన్ను అడిగితే తెలియదను. రాత దర్జీది, సంతకం లేదు. అంతా తానే కల్పించానని దర్జీ చెప్తానంటున్నాడు. నా కొట్టు పోతే పోనీ, రంపం ఉంది. నీ ఉద్యోగం పోతే నాకు ఇంకో పన్నెండేళ్ళు లేవు.

మీ అత్త

(చెప్తాను అమ్మాయీ. అబద్ధం చెప్పడం నాకు అలవాటే. రేపు ఇస్తానని చెప్పిన జాకెట్లే నా దగ్గర అరవై ఉన్నాయి. — దర్జీ)


లేడీస్ హాస్టల్
జులై 24

అత్తా,

ఇది కొంచెం పెద్ద ఉత్తరం. బాబాయ్, తలుపు వేసి చదవండి. ఈ ఒక్కసారికి.

నీ ఫైలు నా గదికే వచ్చింది. సందేహాలు చూసేది నేనే కదా. పైన అట్ట, కింద తనిఖీ రిపోర్టు. పెద్దసారు పిలిచి, "ఈ లోపలి మనిషి ఎవరో కనుక్కో" అన్నారు. కనుక్కోవడానికి నాకు అరక్షణం పట్టింది. చెప్పడానికి రెండు రోజులు పట్టింది.

ఆ రెండు రోజులూ నువ్వు చెప్పిన అబద్ధాన్ని అద్దం ముందు నిలబడి అభ్యాసం చేశాను. బాగానే వచ్చింది. మూడో రోజు పెద్దసారు గదిలోకి వెళ్ళి నోరు తెరిస్తే అది రాలేదు.

"సార్, ఆ లోపలి మనిషిని నేనే. ఆవిడ మా మేనత్త."

ఆయన అట్ట పక్కన పెట్టి తనిఖీ రిపోర్టు తిరగేశారు. "ఈ మామయ్య కూడా నిజంగా ఉన్నాడా?" అని అడిగారు.

"ఉన్నాడు సార్. కూర్చుని ఉన్నాడు."

ఆయన మూతి బిగించుకున్నారు. నవ్వాపుకున్నారో కోపమాపుకున్నారో ఇప్పటికీ తెలియదు. ఆ రోజు జాబితా అంటించారు. ముప్పై అంకెలు వరసగా ఉన్నాయి, ముప్పయ్యో అంకె పక్కన ఖాళీ. నా సంగతి సెప్టెంబరులో చూస్తారట. ముందు ఈ ఫైలు మీద అభిప్రాయం రాయమన్నారు. "మీ అత్త అని చూడకుండా రాయి. అత్త అని చూసి రాసినా నాకు తెలిసిపోతుంది" అన్నారు.

ఏం రాశానో చెబుతాను. తనిఖీ అధికారి పదిహేడు కుర్చీల్లోనూ తానే కూర్చున్నట్టు ఆయన రిపోర్టే చెబుతోంది. కూర్చుంటే వాడినట్టే అయితే, ఆ కుర్చీలను మన శాఖే వాడేసింది, ఇక పన్ను అడగలేం. కూర్చున్నంత మాత్రాన వాడినట్టు కాకపోతే, మామయ్య కూర్చున్నదీ చెల్లదు. కాబట్టి కూర్చోవడం కొలత కాదు. ఇంతకుముందు ఒకసారి పన్ను కట్టిన వస్తువే వాడిన వస్తువు. పన్ను కట్టిన బిల్లు లేనిదేదైనా కొత్తదే. చట్టంలో ఈ మాట ముందే రాసి ఉండాల్సింది, రాయని తప్పు మనది, అందుకని ఇప్పటివరకు అమ్మినవాళ్ళను శిక్షించకూడదు.

కింద ఇంకొక ముక్క కూడా రాశాను. ఉప్పు, సబ్బు, మందు మీద అసలు పన్ను తీసేయాలి, ఎందుకంటే లేనివాళ్ళ సంపాదనంతా వాటికే పోతుంది అని. పెద్దసారు పై ముక్కను రెండుసార్లు చదివి, అదే అమలు చేయమని సంతకం పెట్టారు. కింది ముక్కను ఎర్ర పెన్సిల్‌తో కొట్టేసి, "నిన్ను అర్థం అడిగాను, అభిమతం అడగలేదు" అన్నారు.

కాబట్టి నీ మీద కేసు లేదు. కానీ ఆగస్టు ఒకటి నుంచి ప్రతి కుర్చీకీ పన్ను కట్టాలి. మిల్లు ఓనరు ఇంకా తీసుకెళ్ళని కుర్చీలకు కూడా. నీ దారి మూసేసింది నేనే అత్తా.

తిట్టుకో. కానీ నాకు రంపం పట్టుకోవడం నేర్పిన రోజు నువ్వొక మాట చెప్పావు. చెక్కలో పుచ్చు కనబడితే రంగేసి దాచకు, అక్కడిదాకా కోసెయ్ అని. నేను అక్కడిదాకా కోశాను.

నీ కోడలు


దర్జీ కొట్టు
ఆగస్టు 6

అమ్మాయీ,

ఇది నేనే రాస్తున్నాను. మీ అత్త చెప్పనంటోంది. తలుపు వేసే చదివాను. అయినా వీధికి తెలిసింది, ఎందుకంటే మీ అత్త తలుపు తీసుకుని బయటికొచ్చి, "నా దగ్గర తిని, నా రంపం నాకే పెట్టిందిరా!" అని తానే చెప్పింది.

మిల్లు ఓనరు బేరం మానుకున్నాడు. మీ మామయ్య ఉద్యోగం పోయింది. పాపం మనిషి దిగాలుగా ఉన్నాడు. కూర్చోబుద్ధి కావడం లేదంటాడు. నిన్న వీధి ఊడ్చాడు. అందరం బెంగ పెట్టుకున్నాం.

నీ ఉత్తరంలో చివరి పేజీని మీ అత్త నా దగ్గర్నుంచి లాక్కుంది. చదవడం రాదు కదా, ఎందుకూ అంటే, "నా ఇష్టం" అంది. పనిముట్ల పెట్టెలో ఉంది.

దర్జీ


లేడీస్ హాస్టల్
సెప్టెంబరు 4

అత్తా,

నువ్వు రాయకపోయినా నేను రాస్తాను. నిన్న ఉద్యోగం ఖాయం చేశారు. ముప్పయ్యో అంకె పక్కన నా పేరు చేత్తో రాశారు. ముందు నీకే చెప్పాలని పోస్టాఫీసుకు పరుగెత్తాను.

కుర్చీ మాత్రం లేదు. అడిగితే, ఆఫీసుకి కుర్చీలు కొంటే ఇప్పుడు పన్ను కట్టాలి కదా, ఖర్చెక్కువవుతుంది, ఆపామన్నారు. పన్ను వేసిన ఆఫీసే ఆ మాట అంది అత్తా. నవ్వాలనిపించింది. నవ్వితే నీతో కలిసి నవ్వాలనిపించి ఊరుకున్నాను.

కట్టలు నలిగి కిందికి దిగిపోతున్నాయి. బల్ల గడ్డానికి తగులుతోంది.

నీ కోడలు


కుర్చీల కొట్టు
సెప్టెంబరు 19

ఒసే ముప్పయ్యోదానా,

కోపం పోలేదు. పని ఉండి రాయిస్తున్నాను.

మిల్లు ఓనరు మళ్ళీ వచ్చాడు. కొత్త హాల్లో పెద్దమనుషుల్ని పిలిస్తే రెండు గంటలు నిలబడి తిట్టుకుంటూ పోయారట. నలభై కుర్చీలూ తీసుకున్నాడు. ధర పైసా తగ్గించలేదు, పన్ను కూడా కట్టించాను. కడుతుంటే ఆయన మొహం చూడాలి! అప్పుడు మాత్రం, దర్జీ, ఇది రాయకు, మా పిల్ల భలే రాసిందిరా అనుకున్నాను.

(రాయలేదు. — దర్జీ)

లాండ్రీ ఆవిడ రోజూ అడుగుతోంది, ఆ ఎర్ర పెన్సిల్ కొట్టేసిన ముక్క మళ్ళీ రాశావా అని. రాయి. కొట్టేస్తే మళ్ళీ రాయి. పెన్సిల్ అరగదా ఏంటి?

లారీలో ఒక కుర్చీ పంపుతున్నాను. వేపచెక్క, నడుం దగ్గర వంపు నీ కొలతకి తీశాను, చిన్నప్పుడు నువ్వు గూని పెట్టుకుని చదివేదానివి. చేతికింద నున్నగా తీయడానికి నాలుగు రోజులు పట్టింది. బిల్లు కాలికి కట్టాను. నా కుర్చీ నేనే కొని, నూటికి ఇరవై నేనే కట్టాను. దర్జీని సాక్షి సంతకం పెట్టమన్నాను. పుచ్చు లేదు, రంగు లేదు.

మీ మామని దాని దరిదాపులకి రానివ్వలేదు. దాంట్లో ఇంతవరకూ ఎవరూ కూర్చోలేదు. నువ్వే కూర్చో.

మీ అత్త


సందేహాల గది
సెప్టెంబరు 27

అత్తా,

కుర్చీ వచ్చింది. ఆఫీసు మూడో అంతస్తుకు నేనే మోసుకొచ్చాను, ఎవరినీ చెయ్యి వేయనివ్వలేదు. గదిలో దించి, బిల్లు విప్పుదామని వంగి లేచేసరికి పెద్దసారు వచ్చి నిలబడి ఉన్నారు. కొట్టేసిన ముక్కను మళ్ళీ రాసి ఆయన బల్ల మీద పెట్టానుగా, దాని గురించి తిట్టడానికి వచ్చినట్టున్నారు. ఒక చేతిలో ఆ కాగితం, ఇంకో చేతిలో ఎర్ర పెన్సిల్. కుర్చీ చూసి వచ్చిన పని మర్చిపోయారు. కుర్చీ చేతిని నిమిరారు. వెనక్కి జరిగారు. కూర్చోబోయారు.

నాకు ఉద్యోగం ఖాయమై ఇరవై నాలుగు రోజులైంది అత్తా. ఆయన నాకు పెద్దసారు.

"లేవండి సార్! మా అత్త నన్ను ముందు కూర్చోమంది" అన్నాను.

ఆయన సగం వంగినవారు వంగినట్టే ఆగిపోయి, మెల్లగా లేచి, ఫారాల కట్టల మీద కూర్చున్నారు. నేను కుర్చీలో కూర్చున్నాను. నడుం వెనక్కి ఆనించాను, మామయ్య చెప్పినట్టు.

"సరే, ఈ సబ్బు సంగతేంటో చెప్పు" అన్నారు. బల్ల ఆయన గడ్డానికి తగులుతోంది.

నీ కోడలు